‘రాఘవేంద్ర’ నామం: అర్థం, ఆగమనం, ఆచరణ

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో పురుషుల పేర్లను వింటే సమీప పుణ్యక్షేత్రాలు స్ఫురిస్తాయి. ఈరన్న అనే పేరు వినగానే ఉరుకుంద క్షేత్రం గుర్తుకు వస్తుంది. గాదిలింగప్ప అంటే గూళ్యం, నీలకంఠ అంటే ఎమ్మిగనూరు, హనుమంతు అంటే ఆదోని రణమండల ఆంజనేయుడు. ఆదోని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కృష్ణగిరి ప్రాంతాలలో నామకరణం చాలా కుటుంబాలకు ఒక మొక్కు తీర్చుకోవడమే. ఆ పేర్లన్నింటి నడుమ విశిష్టస్థానం పొందినది ‘రాఘవేంద్ర’ నామం. బడిలో హాజరు పిలిచేటప్పుడు ఈ పేరు ఒకే తరగతిలో ఇద్దరు ముగ్గురికి ఉండటం ఇక్కడ వింత కాదు. ఇంటిపేరులోని మొదటి అక్షరంతో వారిని వేరుచేసి పిలవడం ఉపాధ్యాయులకు అలవాటే.

ఇంతగా వ్యాపించిన నామానికి ఒక ప్రమాదం ఉన్నది. అతిపరిచయం వల్ల అర్థం మరుగున పడుతుంది. కొందరికి ఇది పాతకాలపు పేరుగా, కొందరికి దీర్ఘమైన పేరుగా తోస్తున్నది. అందువల్ల ఈ నామం ఎక్కడ పుట్టినది, ఎట్లు ఈ నేలకు వచ్చినది, దానిని ధరించేవానికి ఏ బాధ్యతను ఒప్పగిస్తున్నది అన్న విచారణ అవసరం.

శబ్దవ్యుత్పత్తి

‘రఘు’ శబ్దం గమనార్థకమైన ధాతువు నుండి నిష్పన్నమైనది. రకార లకారాలకు అభేదం చెప్పే సంప్రదాయాన్ని అనుసరించి రఘు, లఘు శబ్దాలు సోదరులు. శీఘ్రంగా సాగేది, భారం లేనిది అని భావం. కాళిదాసు రఘువంశం తృతీయసర్గలో దిలీపుడు కుమారునికి ఈ పేరు పెట్టిన కారణాన్ని కూడా చెప్పాడు. ఈ శిశువు శాస్త్రాల చివరి అంచును చేరాలి, యుద్ధంలో శత్రువుల అంతాన్ని చూడాలి అనే కోరికతో, గమనార్థాన్ని ఎరిగి ఆ రాజు ‘రఘు’ అని పిలిచాడు. తండ్రి పేరు పెట్టేటప్పుడు ధాతువు అర్థాన్ని ఆలోచించాడన్న ఈ ఒక్క వివరం నేటి తల్లిదండ్రులు గమనింపదగినది.

రఘువు వంశంలో జన్మించినవాడు రాఘవుడు. అపత్యార్థంలో వచ్చే తద్ధిత ప్రత్యయం వల్ల ఆదిస్వరం వృద్ధి చెంది రకారం ‘రా’ అయినది. అంత్యంలోని ఉకారం గుణం పొంది ‘అవ’గా మారినది. దానికి ‘ఇంద్ర’ శబ్దం చేరితే గుణసంధి వల్ల రాఘవేంద్ర శబ్దం సిద్ధిస్తుంది. ఇంద్రశబ్దానికి మూలమైన ధాతువునకు పరమైశ్వర్యం అర్థం. కనుక రాఘవులలో శ్రేష్ఠుడు, రఘుకులానికి ప్రభువు, అనగా శ్రీరామచంద్రుడు అని ప్రథమార్థం. మంత్రాలయ గురువులకు ఈ నామం రాకముందే ఇది కోదండపాణికి వాచకం.

ఇక్కడ సమాసవిచారం ఒక సూక్ష్మాన్ని చూపుతుంది. ‘రాఘవులకు ఇంద్రుడు’ అని విగ్రహం చెబితే అది షష్ఠీతత్పురుషం. అప్పుడు నామం రామునిదే. ‘రాఘవుడే ఇంద్రుడుగా, ప్రభువుగా గలవాడు’ అని చెబితే బహువ్రీహి అవుతుంది. అప్పుడు నామం రామదాసునిది. ఒకే శబ్దం సమాసభేదం వల్ల స్వామిని చెప్పగలదు, సేవకుని చెప్పగలదు. ఇది పండితుల వినోదం మాత్రమే అనుకోరాదు. త్వష్ట చేసిన యజ్ఞంలో ‘ఇంద్రశత్రు’ శబ్దాన్ని స్వరభేదంతో పలకడం వల్ల తత్పురుషం బహువ్రీహిగా మారిందని, ఇంద్రుని చంపవలసినవాడు ఇంద్రుని చేతిలోనే హతుడయ్యాడని మహాభాష్యం ఉదాహరించింది. సమాసం మారితే యజమాని గతి మారుతుందని శాస్త్రం హెచ్చరించినది. రాఘవేంద్ర నామాన్ని ధరించే మనిషి దానిని ఏ సమాసంగా గ్రహిస్తున్నాడు అన్నదే ఈ విచారణకు కేంద్రం.

నామకరణ శాస్త్రం ఎదుట

పతంజలి మహాభాష్యం ఆరంభంలోనే యాజ్ఞికుల నియమాన్ని పేర్కొన్నాడు. శిశువు పుట్టిన పదవ దినం తరువాత పేరు పెట్టాలి. ఆ పేరు ఘోషవర్ణంతో మొదలుకావాలి. నడుమ అంతస్థాక్షరం ఉండాలి. ఆదిస్వరం వృద్ధి కారాదు. రెండు లేక నాలుగు అక్షరాలు ఉండాలి. అది కృదంతమై ఉండాలి గాని తద్ధితాంతం కారాదు.

ఈ కొలబద్దతో చూస్తే రాఘవేంద్ర నామం కొన్ని నియమాలను పాటిస్తుంది, కొన్నింటిని దాటుతుంది. రకారం ఘోషవర్ణమే. నడుమ వకారం అంతస్థమే. రా-ఘ-వేం-ద్ర అని అక్షరాలు నాలుగే. అయితే మొదటి స్వరం ఆకారం, అది వృద్ధి, రాఘవశబ్దం తద్ధితాంతం. రెండు నియమాలు భంగపడినవి. ఈ నామం సర్వలక్షణ సంపన్నమని స్తుతించేవారు ఈ సంగతిని దాచనక్కరలేదు. ధర్మశాస్త్ర నిబంధాలు దేవతానామం, మాసనామం, నక్షత్రనామం, వ్యావహారికనామం అని నామాలను నాలుగు విధాలుగా విభజించినవి. రాఘవేంద్ర నామం దేవతానామంగా, గురునామంగా గృహాలలోకి ప్రవేశించినది. వ్యాకరణ లక్షణం కంటె భక్తి బలీయమై దీనిని నిలిపినది. చిత్తా నక్షత్రం మూడవ పాదంలో పుట్టిన శిశువుకు ‘రా’ అక్షరం వస్తుంది గనుక ఆ శిశువులకు నక్షత్రరీత్యా కూడా సరిపోతుంది. కాని ఈ ప్రాంతంలో ఈ పేరు ధరించినవారందరూ చిత్తా నక్షత్ర జాతకులు కారు. వారిలో అధికులకు ఆ పేరు మొక్కు వల్ల వచ్చినది.

సన్న్యాసం ఇచ్చిన నామం

మొక్కు అన్న మాట వద్దనే గురుచరిత్ర మొదలవుతుంది. 1595లో తమిళదేశంలోని భువనగిరిలో తిమ్మణ్ణభట్టు, గోపికాంబ దంపతులకు జన్మించిన బాలునికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేంకటనాథుడు. తిరుమల శ్రీనివాసుని ప్రార్థించగా కలిగిన సంతానం గనుక ఆ పేరు. అన్న పేరు గురురాజు, అక్క పేరు వేంకటాంబ. ఎందరో తల్లిదండ్రులు ఎవరికి మొక్కుకొని బిడ్డలను పొందుతున్నారో, ఆ మహనీయుడు స్వయంగా మొక్కుబిడ్డ.

వేంకటనాథుడు కుంభకోణంలో శ్రీసుధీంద్రతీర్థుల వద్ద శాస్త్రాధ్యయనం చేశాడు. వివాహమైనది, లక్ష్మీనారాయణుడనే కుమారుడు కలిగాడు, కటిక దారిద్ర్యం అనుభవించాడు. విద్యను ధనానికి అమ్ముకోలేదు. 1621లో తంజావూరులో, రఘునాథనాయకుని పాలనలో, సుధీంద్రతీర్థుల నుండి సన్న్యాసం స్వీకరించాడు. అప్పుడు లభించిన ఆశ్రమనామం శ్రీరాఘవేంద్రతీర్థ. ఆ రాజు పేరులోను రఘుశబ్దం ఉన్నది. తెలుగున రామాయణం రచించిన ప్రభువు ఆయన.

ఆశ్రమనామం యాదృచ్ఛికంగా రాలేదు. ఆ మఠపరంపరలో విబుధేంద్ర, సురేంద్ర, విజయీంద్ర, సుధీంద్ర అని ‘ఇంద్ర’ శబ్దాంతమైన నామాలు వరుసగా కనిపిస్తాయి. నేటి పీఠాధిపతులు శ్రీసుబుధేంద్రతీర్థుల వరకు ఆ ముద్ర కొనసాగుతున్నది. అదే పరంపరలో రామచంద్రతీర్థులు, రఘునందనతీర్థులు అని రామనామాలు కూడా ఉన్నవి. మఠంలో ఆరాధ్యమూర్తి మూలరాముడు. ఆ మూర్తిని కళింగదేశం నుండి నరహరితీర్థులు తెచ్చి మధ్వాచార్యులకు సమర్పించారని సంప్రదాయం. 13వ శతాబ్దికి చెందిన ఆ నరహరితీర్థుల శాసనం నేటికీ శ్రీకూర్మ క్షేత్రంలో ఉన్నది. ఇష్టదైవం నుండి ‘రాఘవ’ శబ్దం, గురుపరంపర నుండి ‘ఇంద్ర’ శబ్దం కలిసి రాఘవేంద్ర నామం ఏర్పడినది. సగం దేవుడు, సగం గురువు ఆ నాలుగక్షరాలలో ఉన్నారు.

ఇందులో ఒక విచిత్రమున్నది. సన్న్యాసి ఆశ్రమం స్వీకరించేటప్పుడు తల్లిదండ్రులు పెట్టిన పేరును విడిచిపెడతాడు. పుత్రేషణ, విత్తేషణ, లోకేషణలను వదలి కొత్త నామాన్ని ధరిస్తాడు. ఆ విధంగా వైరాగ్యం వల్ల పుట్టిన నామాన్నే నేడు గృహస్థులు పుత్రుని కోరి, పుత్రుడు కలిగిన సంతోషంతో, ఊయలలోని శిశువు చెవిలో చెబుతున్నారు. త్యాగానికి గుర్తైన పేరు సంసారారంభంలో వినిపిస్తున్నది. ఇది విరోధంగా తోచవచ్చు. విచారిస్తే విరోధం తొలగుతుంది: ఏ గృహస్థుడైనా బిడ్డకు ఈ పేరు పెట్టడం ద్వారా, ‘ఈ శిశువు నాది అని పలుకుతున్నాను గాని, వీని ప్రభువు రాఘవుడు’ అని అంగీకరిస్తున్నాడు. బహువ్రీహి అర్థం ఇక్కడ సార్థకమవుతుంది.

తుంగభద్రా తీరానికి ఆగమనం

ఈ నామం కావేరీ తీరంలో లభించి తుంగభద్రా తీరంలో స్థిరపడినది. బీజాపూరు ఆదిల్‌షాహీల పక్షాన ఆదోనిని పాలించిన సిద్ది మసూద్‌ఖాన్ మంచాల గ్రామాన్ని స్వామివారికి సమర్పించాడని ప్రసిద్ధి. ప్రహ్లాదుడు పూర్వం యజ్ఞం చేసిన స్థలమని స్వామి ఆ గ్రామాన్నే ఎన్నుకొన్నారని భక్తుల విశ్వాసం. గ్రామదేవత మంచాలమ్మను దర్శించిన తరువాతనే బృందావన దర్శనం చేయాలన్న ఆచారం నేటికీ నిలిచి ఉన్నది. 1671 శ్రావణ బహుళ విదియనాడు స్వామి అక్కడ సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. ప్రతి సంవత్సరం పాడ్యమి, విదియ, తదియలలో పూర్వ, మధ్య, ఉత్తర ఆరాధనలు జరుగుతాయి.

ఆదోని దివానుగా పనిచేసిన వెంకన్న కథ నామవిచారణకు అత్యంత సన్నిహితమైనది. సంప్రదాయం చెప్పేదాని ప్రకారం అతడు అక్షరజ్ఞానం లేని అనాథ. కష్టకాలంలో తమను స్మరించమని స్వామి అతనికి చెప్పారు. ఒకనాడు దారిన పోతున్న నవాబు ఒక లేఖ ఇచ్చి చదవమని ఆజ్ఞాపించాడు. చదవకపోతే శిక్ష తప్పదు. వెంకన్న గురువును స్మరించాడు. లేఖలోని అక్షరాలు అతనికి తెలిసినవి. ఆ తరువాత అతడు దివాను అయ్యాడు, మంచాల గ్రామదానానికి సహాయకుడయ్యాడు. ఈ కథలో నామం అద్భుతం చేసినది. అంతకంటె గమనింపవలసిన అంశం మరొకటి ఉన్నది. వెంకన్నకు ఆ పేరు జన్మతః రాలేదు. కష్టంలో అతడు దానిని పలికాడు. రాఘవేంద్ర అని పిలువబడటం కంటె రాఘవేంద్రుని పిలవడం గొప్పదని ఈ కథ బోధిస్తుంది.

ఇంటింటా వ్యాప్తి

ఒక మఠాధిపతి ఆశ్రమనామం సర్వజనుల పేరు కావడానికి మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది స్తోత్రం. తుంగభద్రా తీరంలోని బిచ్చాలికి చెందిన అప్పణ్ణాచార్యులు రచించిన శ్రీరాఘవేంద్రస్తోత్రం సంస్కృతమైనా ఇంటింటా కంఠస్థమైనది. దానితోపాటు ‘శ్రీరాఘవేంద్రాయ నమః’ అనే అష్టాక్షరి గురువారాలలో జపంగా, రాతగా ప్రచారమైనది. పండితులకు స్వామి న్యాయసుధపై పరిమళం రచించిన వ్యాఖ్యాత; పామరులకు ఎనిమిది అక్షరాలలో దొరికే ఆప్తుడు.

రెండవది భాషాసంగమం. ఆదోని ప్రాంతం 1953 వరకు బళ్ళారి జిల్లాలో భాగం. ఇక్కడి వీథులలో తెలుగు, కన్నడం రెండూ వినిపిస్తాయి. కన్నడిగులు ‘రాయరు’ అని, తెలుగువారు ‘మంత్రాలయ స్వామి’ అని పిలిచే ఆ గురునామం సంస్కృతశబ్దం గనుక రెండు భాషలలోను ఒకే రూపంలో ఇమిడినది. తరువాతి కాలంలో చలనచిత్రాలు దానిని మరింత దూరం తీసుకుపోయినవి. 1966లో రాజ్‌కుమార్ కన్నడంలో స్వామి పాత్రను ధరించాడు. 1985లో రజనీకాంత్ తన నూరవ చిత్రంగా అదే చరిత్రను ఎన్నుకొన్నాడు.

మూడవది, అన్నింటికంటె బలమైనది, మొక్కు. ఇక్కడ మొక్కుకు కులభేదం లేదు. రాఘవేంద్రాచార్యులు, రాఘవేంద్రరెడ్డి, రాఘవేంద్రగౌడు, రాఘవేంద్రశెట్టి, కేవలం రాఘవేంద్ర అందరూ ఒకే బృందావనం నుండి పేరును పొందినవారు. మగ్గం నేసే ఇంటిలోను, పత్తి పండించే ఇంటిలోను, వేదం చదివే ఇంటిలోను ఆ నామం సమానం. దస్తగిరి, ఉసేనప్ప అనే పేర్లు కూడా హిందూ కుటుంబాలలో వినిపించే సీమ ఇది. పీరు వద్ద మొక్కుకొంటే పీరు పేరు, స్వామి వద్ద మొక్కుకొంటే స్వామి పేరు. ముసల్మాను పాలకుని దానంతో వెలసిన క్షేత్రానికి పరిసరాలలో ఇట్టి కృతజ్ఞత పెరగడం సహజమే.

నామం, నామి

మధ్వసిద్ధాంతం శబ్దవిషయంలో ఒక విశేషాన్ని ప్రతిపాదించినది. సమస్త శబ్దాలు ముఖ్యవృత్తితో విష్ణువునే చెబుతాయి. లోకంలోని వస్తువులను వ్యవహారార్థం అముఖ్యంగా చెబుతాయి. అప్పుడు ప్రశ్న పుడుతుంది: అన్ని నామాలు ఆయనవే అయితే రాఘవేంద్ర అన్నా, అర్థం తెలియని మరొక నూతన పదమన్నా తేడా ఏమిటి?

సమాధానం శ్రోతలో ఉన్నది. ఏ శబ్దమైనా ఆయనదే అని తెలిసినవాడు జ్ఞాని. అతనికి ఏ పేరైనా ఒకటే. తక్కినవారికి స్మృతిని మేల్కొలిపే శబ్దం కావాలి. భాగవతం షష్ఠస్కంధంలో అజామిళుడు కడపటి ఘడియలో చిన్నకుమారుని ‘నారాయణా’ అని పిలిచాడు; విష్ణుదూతలు వచ్చారు. ఆ పిల్లవానికి ఆ పేరు లేకపోతే ఆ తండ్రి నోట ఆ శబ్దం ఎట్లు వచ్చేది? బిడ్డకు దేవతానామం పెట్టడం బిడ్డకంటె ముందు తల్లిదండ్రుల జిహ్వకు చేసే సంస్కారం. పొలం నుండి వచ్చిన తండ్రి ‘రాఘవేంద్రా, నీళ్ళు తేరా’ అన్నప్పుడు తెలియకుండానే ఒక నామోచ్చారణ జరుగుతున్నది.

అయితే అదే సిద్ధాంతం జీవేశ్వర భేదాన్ని కూడా కచ్చితంగా చెబుతుంది. నామసామ్యం వల్ల జీవుడు దేవుడు కాడు, శిష్యుడు గురువు కాడు. పేరు పెట్టినంత మాత్రాన గురువు గుణాలు బిడ్డకు సంక్రమిస్తాయని భావించడం అతిశయం. పేరు చెడ్డవానికి కవచం కూడా కాదు. రాఘవేంద్ర నామం ధరించి అసత్యమాడేవాడు, తల్లిని నొప్పించేవాడు ఉండవచ్చు. అప్పుడు దోషం నామానిది కాదు, దానిని తత్పురుషంగా, తన గొప్పకు చిహ్నంగా భావించిన అహంకారానిది.

నేటి తల్లిదండ్రుల ఎదుట

నేడు మూడు ధోరణులు ఈ నామాన్ని పలచబరుస్తున్నవి. పట్టణాలకు, విదేశాలకు వెళ్ళిన కుటుంబాలు దీనిని పాతదని విడిచి, వినడానికి కొత్తగా ఉండే శబ్దాలను వెదుకుతున్నవి. ఆ శబ్దాలలో కొన్నింటికి ఏ నిఘంటువులోను అర్థం దొరకదు. మరికొందరు సంఖ్యాశాస్త్రం పేరిట ఆంగ్లాక్షరాలను ఒకటి పెంచి, ఒకటి తగ్గించి, రాఘవేంద్రుని అనుగ్రహం చాలదన్నట్టు అంకెల అనుగ్రహాన్ని చేర్చుతున్నారు. ఇంకొందరు పేరు పెడతారు గాని పలకరు. ధ్రువపత్రంలో రాఘవేంద్ర, ఇంటిలో మరేదో ముద్దుపేరు.

కుదించడం స్వయంగా దోషం కాదు. రఘు అన్నా, రాఘవ అన్నా రామసంబంధం పోదు. పల్లెలలో రాఘప్ప, రాఘన్న అనే పిలుపులు ఎంత ఆత్మీయమో అందరికీ తెలుసు. ప్రేమ కుదించిన రూపంలో నామం జీవిస్తూనే ఉంటుంది. దోషం ఎక్కడ ఉన్నదంటే, సిగ్గుతో దాచడంలో. ఉద్యోగస్థలంలో పలకలేరని ఒక అన్యభాషా ముక్కగా మార్చుకొన్నప్పుడు తెగిపోయేది రెండు అక్షరాలు మాత్రమే అనుకొంటారు. తెగిపోయేది తాత పాదచారియై మంత్రాలయానికి వెళ్ళి చేసిన మొక్కు. నాలుగు అక్షరాలు పలకడం ఎవరికీ అసాధ్యం కాదు. ఓర్పుతో ఒకటికి రెండుసార్లు చెబితే అన్యదేశస్థులు కూడా నేర్చుకొంటారు.

కొత్త పేరు పెట్టుకొనే స్వేచ్ఛ అందరికీ ఉన్నది. ప్రతి ఇంటా రాఘవేంద్రుడే ఉండాలన్న నియమం ఏ శాస్త్రంలోను లేదు. స్వామి కుటుంబంలోనే వేంకటనాథుడు, గురురాజు, లక్ష్మీనారాయణుడు అని వేర్వేరు పేర్లు ఉన్నవి. కోరదగినది ఒక్కటే. దిలీపుడు ధాతువును ఆలోచించినట్లు తల్లిదండ్రులు అర్థాన్ని ఆలోచించి పేరు పెట్టాలి. పెట్టిన పేరును బిడ్డకు వివరించాలి. రాఘవేంద్ర అని పేరు పెట్టినవారు ఆ పిల్లవానికి ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి నాలుగు సంగతులు చెప్పడం ధర్మం: రఘువు ఎవరు, రాముడు ఎవరు, పేదరికంలోను విద్యను అమ్ముకోని వేంకటనాథుడు ఎవరు, ఎవరి మొక్కు వల్ల ఈ పేరు ఆ ఇంటికి వచ్చినది. ఇవి చెప్పకపోతే కేశఖండనం జరిగినా, తొట్టెల కట్టినా నామకరణ సంస్కారం అసంపూర్ణమే.

అర్థం తెలిసిన బాలుడు ఎవరైనా పేరు అడిగినప్పుడు ‘రాఘవేంద్ర’ అని నిండుగా చెబుతాడు. ‘నా ప్రభువు రాఘవుడు’ అని చెప్పినట్లే అవుతుంది. ప్రభువు ఎవరో తెలిసినవాడు దేనికి లొంగాలో, దేనికి లొంగరాదో కూడా తెలుసుకొంటాడు.

శ్రీకృష్ణార్పణమస్తు.